చిక్కటి నీళ్లు

ఆ వేసవిలో మా ఇంట్లో మంచినీళ్లు కూడా తయారు చేసుకోవాల్సి వచ్చింది. గ్లాసుడు నీళ్లలో పొడి వేసి, ఉండలు కట్టకుండా గిలకొట్టి, తేనెలా చిక్కబడే దాకా ఆగి, అప్పుడు చెంచాతో అక్క నోట్లో పెట్టాలి. పొద్దున లేవగానే ఆ పని. పళ్లు తోముకున్నాక ఆ పని. మాత్రలకు ఆ పని. కొట్టు తెరిచేసరికే నా మణికట్టు లాగేసేది.

ఎండలు ముదరకముందే అక్కకు పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ అనుకున్నదానికంటే తొందరగానే తేరుకున్నాయి. మాట కూడా ముద్దముద్దగా వచ్చింది. రానిది గుటక ఒక్కటే. పల్చటిది ఏది తాగినా కడుపులోకి పోవాల్సింది కాస్తా ఊపిరితిత్తుల్లోకి జారుతోందన్నారు. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు, మింగడం నేర్పే అమ్మాయి ఒకామె వచ్చి నా చేత నీళ్లు చిక్కగా కలిపించింది. ఫోర్కును అందులో ముంచి పైకెత్తి, పళ్ల సందుల్లోంచి ఎలా జారుతోందో చూపించింది.

అక్క ఆ గ్లాసు వంక అనుమానంగా చూసింది. "ఇదేంటి, జిగురా?"

"నీళ్లేనమ్మా. ఇకమీదట మీరు తాగేవి ఇవే."

"నీళ్లేం పాపం చేశాయని వాటికి ఈ గతి పట్టించారు?"

ఆ అమ్మాయి నవ్వింది. అక్క నవ్వలేదు. ఆ రోజే ఆమెకు గుటకల టీచరని పేరు పెట్టింది.

మాది ఇంటి ముందుగదిలో కొట్టు, వెనక వంటగది. గిన్నెల్లో గడ్డకట్టిన తియ్యటి పుడ్డింగులు అమ్ముతాం. పాలు, గుడ్లు, పంచదార. కొన్నిట్లోకి జెలటిన్. చేసేది అక్క. కడిగేది, వడకట్టేది, అందించేది, అమ్మేది నేను. నాకు నలభై దాటినా అక్కకి నేను బుల్లినే. "బుల్లీ, మంట తగ్గించు. బుల్లీ, ఆ గిన్నె కాదు." పుడ్డింగు అంటే బోర్లిస్తే నిలబడాలి, తాకితే వణకాలి, నోట్లో పెడితే మాయమైపోవాలి అనేది. మాయమైందా లేదా అని తేల్చేది ఆమె నాలుకే. ఇంకో నాలుకను ఎప్పుడూ అడిగేది కాదు.

ఆమె మంచాన పడేసరికి ఒక పెద్ద ఆర్డరు ఒప్పుకుని ఉంది. దగ్గర్లోని పెద్ద ఆఫీసు క్యాంటీను మేనేజరు వచ్చి, తమ దగ్గర జంతువుల నుంచి వచ్చేదేదీ ముట్టనివాళ్లు చాలామంది ఉన్నారనీ, ఎండాకాలమంతా రోజూ వాళ్లకి తీపి పంపాలనీ అడిగాడు. "పాలు ఉండకూడదు. గుడ్లు ఉండకూడదు. జెలటిన్ అసలే వద్దు, అది ఎముకల నుంచి తీస్తారు."

"మరింకేం మిగిలింది? గిన్నె పంపించనా?" అంది అక్క. అంటూనే ఒప్పుకుంది. కుదరదు అనే మాట ఆమెకు చేతకాదు.

ఇంటికొచ్చిన రెండో రోజున అడిగాను. "క్యాంటీనుకి వద్దని చెప్పేస్తాను అక్కా. నావల్ల కాదు."

అక్క చాలాసేపు మాట కూడదీసుకుంది. "మాటిచ్చా," అంది. అంతే. తర్వాత తన కుర్చీని వంటగది గుమ్మంలో వెయ్యమని వేలితో చూపించింది.

ఇక మొదలైంది. ముందు చైనా గ్రాస్‌తో చేసి చూశాను. సముద్రపు నాచు నుంచి తీసేదే కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. కొబ్బరిపాలలో మరిగించి పోస్తే ఫ్రిజ్‌లో పెట్టకముందే గడ్డ కట్టింది. బ్రహ్మాండం అనుకుని బోర్లించాను. నిటారుగా నిలబడింది. తాకితే ఉలకలేదు, పలకలేదు.

"సబ్బు," అంది అక్క గుమ్మంలోంచి.

మర్నాటికి దాని చుట్టూ నీళ్లు ఊరాయి. పొడి తగ్గించి చేస్తే చెంచా పెట్టగానే ముక్కచెక్కలైంది. మొక్కజొన్న పిండితో చేస్తే నున్నగా వచ్చింది గానీ, పిండి రుచి పోలేదు. బోర్లించగానే ఓపిక లేని మనిషిలా చతికిలబడింది. పండ్ల తొక్కల నుంచి తీసే పెక్టిన్ తెచ్చాను. నిమ్మరసంలో ముత్యంలా కట్టింది. కొబ్బరిపాలలో వేస్తే నా మొహం చూస్తూ ఊరుకుంది. దానికి పులుపు కావాలట.

ఒక్కో గిన్నెనూ అక్క ముందుకు పట్టుకెళ్లి ఊపి చూపించేదాన్ని. రుచి చూడ్డానికి లేదు. పొడిపొడిగా చిట్లేది గొంతులో అడ్డం పడుతుందని గుటకల టీచరు గట్టిగా చెప్పింది. అందుకని అక్క కళ్లతోనే తినేది.

"ఇంకోసారి ఊపు."

ఊపాను.

"ఇది వణకడం కాదు. జ్వరం."

నేను ఆ గిన్నెను చెత్తకుండీలో బోర్లించి మళ్లీ పొయ్యి వెలిగించేదాన్ని. ఫ్యాను వేస్తే మంట ఆరిపోతుంది. మంట ఉంటే అక్కకి చెమట. చెమట పడితే దాహం. దాహమంటే మళ్లీ నేను నీళ్లు గిలకొట్టాలి. పక్కనే సైకిళ్లు బాగుచేసే కొట్టు మా ఆయనది. మధ్యాహ్నం భోజనానికొచ్చి, మా ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ అడక్కుండా తనే వడ్డించుకుని తిని వెళ్లిపోయేవాడు.

మందుల షాపులో మొదట ఇచ్చిన పొడితో ఒక చిక్కొచ్చింది. నీళ్లు కలిపినప్పుడు సరిగ్గానే చిక్కబడేవి. సగం గ్లాసు అయ్యేసరికి పల్చబడిపోయేవి. అక్కకు పొలమారేది. కళ్లు ఎర్రబడి, మెడ నరాలు పొంగి, దగ్గి దగ్గి ఒరిగిపోయేది. నేనే కలపడంలో ఏదో తేడా చేస్తున్నానని రోజూ పొడి ఇంకాస్త పెంచేదాన్ని.

గుటకల టీచరు వచ్చినప్పుడు చెప్పాను. ఆమె నన్నే పెట్టమంది. రెండు చెంచాలు పెట్టానో లేదో చెయ్యి పట్టుకుని ఆపింది.

"అదే చెంచా మళ్లీ గ్లాసులో ముంచుతున్నారు కదండీ. ఆ పొడి పిండితో చేసింది. ఉమ్ము తగిలితే పిండి అరగడం మొదలుపెడుతుంది. మీ తప్పేం లేదు, నోటి గుణం అది."

జాంతన్ గమ్ అని వేరే పొడి రాసిచ్చింది. పులియబెట్టి తీసే బంక అట.

"ఇది ఉమ్ముకి లొంగదు," అంది.

"నాలాగే," అంది అక్క.

ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె వేసిన మొదటి జోకు అది. దాంతో నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అది కూడా ఎన్నాళ్లో నిలవలేదు.

ఎండలు మండిపోయే రోజులొచ్చాయి. అక్క గ్లాసు చూస్తేనే మొహం తిప్పేసుకోవడం మొదలుపెట్టింది. "గొంతు తడవడం లేదు బుల్లీ. పూత పూసినట్టుంది." బతిమాలేదాన్ని. కసిరేదాన్ని. ఐస్‌లో పెట్టి చల్లగా చేసి ఇచ్చేదాన్ని. నిమ్మరసం పిండేదాన్ని. రెండు చెంచాలు మింగి పెదాలు బిగించేది. పెదాలు పగిలాయి. నాలుక తెల్లబడింది. కొట్టుకొచ్చినవాళ్లు మా ఫిల్టరు దగ్గర నిలబడి గటగటా నీళ్లు తాగుతుంటే, అక్క కుర్చీలోంచి వాళ్ల గొంతుల వంకే చూసేది. ఒకావిడ ఆ చూపు చూసి, "ఏమైనా కావాలామ్మా?" అని అడిగింది. అక్క తల అడ్డంగా ఊపింది. నేను ఫిల్టరును లోపలి గదిలోకి మార్పించాను.

డాక్టరు మెత్తగానే చెప్పాడు. నీళ్లు ఇలా తగ్గితే మూత్రపిండాలు దెబ్బతింటాయి, పొట్టలోకి గొట్టం వెయ్యక తప్పదు. అక్కడితో నోట్లోకి వెళ్లేవన్నీ ఆగిపోవచ్చు అన్నాడు. అక్క విన్నది.

పొరపాటు జరిగిన రోజున నేను క్యాంటీనుకి వెళ్లాను, ఇంకొన్నాళ్లు గడువు అడగడానికి. మేనేజరు విసుక్కోకుండా ఇచ్చాడు. ఆ మంచితనానికే ఏడుపొచ్చినంత పనైంది. వచ్చేటప్పుడు కూరలు కొన్నాను. సంచీ దించకముందే లోపల దగ్గు వినిపించింది. అలాంటి దగ్గు ఆ మధ్య లేదు.

అక్క మంచం అంచున కూర్చుని ముందుకు వంగిపోయి ఉంది. ఆమె వీపు రాస్తూ మా ఆయన. ఆయన రెండో చేతిలో స్టీలు గ్లాసు. చీర ముందంతా తడి. ఆ తడి చూడగానే తెలిసింది. చిక్కటి నీళ్లు బట్టలోకి అలా ఇంకవు.

"అడిగింది," అన్నాడాయన. "చెయ్యి పట్టుకుని అడిగింది. ఒక్క గుక్కేనంది."

నేను ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకుని గట్టు మీద పెట్టాను. అక్క నోరు తుడిచాను. తడి చీర మార్చాను. ఆయన గుమ్మంలో నిలబడే ఉన్నాడు, ఏదైనా అంటానేమోనని. నేనేమీ అనలేదు. మంచితనం కాదు. అనడానికి ఓపిక లేదు.

మర్నాటికి జ్వరం. ఆ సాయంత్రానికి మళ్లీ ఆస్పత్రి. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. వాళ్లు పొడిచిన సూదులూ, పెట్టిన ఆక్సిజనూ, నేను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ, ఆయన ఇంటి నుంచి తెచ్చిన సద్ది డబ్బా, అన్నీ కలిసి ఒకటే పొడుగాటి రోజులా గుర్తు. కొట్టు మూసేశాం. మేనేజరుకు ఆయనే వెళ్లి చెప్పొచ్చాడు.

జ్వరం తగ్గిన పూట అక్క కళ్లు తెరిచి నా కోసం చూసింది.

"మరిదిగారిని ఏమీ అనకు."

"అనలేదులే."

"నేనే అడిగా."

"చెప్పాడు."

కాస్త ఊపిరి తీసుకుంది. "చల్లగా ఉన్నాయే బుల్లీ. చాలా బావున్నాయి."

నేను కిటికీ వైపు తిరిగాను.

డాక్టరు వచ్చాడు. గొట్టం సంగతి మళ్లీ ఎత్తాడు. ఈసారి నెమ్మదిగా కాదు. ఈ వారంలో నిర్ణయం చెప్పమన్నాడు. ఆయన వెళ్లాక నేను దుప్పటి సర్దుతున్నాను. అక్క నా చెయ్యి ఆపింది.

"నువ్వేమంటావు?"

నాకు మొదట అర్థం కాలేదు. నా జీవితమంతా అక్క నాకు చెప్పింది. చెయ్యమని చెప్పింది, వద్దని చెప్పింది. నా పెళ్లికి ఏ రంగు చీరో కూడా తనే చెప్పింది. అడగడమనేది నేను ఎరగను. వెనక ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి తిరిగి చూశాను కూడా.

"ఇంటికెళ్లాక ఇంకొక్కసారి చూద్దాం," అన్నాను. "అప్పటికీ కుదరకపోతే గొట్టమే పెట్టించుకుందువుగాని. మొండికెయ్యకూడదు మరి."

"సరే," అంది.

కళ్లు మూసుకుంది. నేను దుప్పటి సర్దడం పూర్తి చేశాను.

ఆస్పత్రి వరండాలో గుటకల టీచరు కనబడితే పట్టుకున్నాను. పుడ్డింగులా గడ్డకట్టించిన నీళ్లు ఇవ్వొచ్చా అని అడిగాను. ఇవ్వొచ్చుగానీ ఏ జెల్లీ పడితే అది కాదంది. జెలటిన్‌తో చేసింది నోటి వేడికి కరిగి నీళ్లయిపోతుంది, అంటే మళ్లీ పల్చటి నీళ్లు తాగినట్టే. చైనా గ్రాస్ కరగదు కానీ చిట్లుతుంది. "కరగకూడదు, చిట్లకూడదు, నీరు కక్కకూడదు. ఒకే ముద్దగా మెత్తగా జారాలి. చేస్తే ముందు నాకు చూపించండి. నేను చూడకుండా ఒక్క చెంచా కూడా పెట్టకండి. ఆవిడకు పడుతుందో లేదో మాత్రం చెప్పలేను."

క్యాంటీను పుడ్డింగు కోసం ఒక చెట్టు కాయల గింజల నుంచి తీసే బంక పొడిని తెప్పించి పక్కన పడేసి ఉన్నాను. చైనా గ్రాస్‌లో కలిపితే దాని పెళుసుతనం పోతుందని అమ్మినవాడు చెప్పాడు. ఇంటికెళ్లి అది తీశాను. మా ఆయన కొట్టు మూసుకుని వచ్చి, చేతులు సబ్బుతో రెండుసార్లు రుద్దుకుని, నా చేతిలో కవ్వం తీసుకున్నాడు.

"నువ్వు కొలువు. నేను తిప్పుతా."

"ఉండలు కడితే ఊరుకోను."

"చక్రాల్లో వంకర తీసేవాణ్ని, ఉండలు తియ్యలేనా?"

మేం మాట్లాడుకున్నది అంతే. క్షమించమని ఆయన అడగలేదు, క్షమించానని నేను చెప్పలేదు. కాస్తున్నాం, పోస్తున్నాం, చల్లారబెడుతున్నాం. బంక ఎక్కువైతే రబ్బరు. తక్కువైతే ముక్కలు. చివరికి వేలితో నొక్కితే లొంగి, వదిలితే మెల్లగా లేచేది ఒకటి వచ్చింది. పుచ్చకాయ గుజ్జు వడకట్టి దాంతో చేశాను.

గుటకల టీచరు మొదటిది తిప్పికొట్టింది. చెంచాలో పెట్టి ఉంచితే అంచున నీటిచుక్క చేరిందని. మళ్లీ చేశాను. దాన్ని చెంచా వెనకతో నలిపింది, పక్కకి వంచింది, పక్కనబెట్టి అక్క మందుల గురించి అవీ ఇవీ మాట్లాడి, తిరిగొచ్చి చూసింది. "ఊఁ," అంది.

అక్కను నిటారుగా కూర్చోబెట్టాం. గడ్డం కిందికి దించమంది. అర చెంచా. టీచరు వేళ్లు అక్క గొంతు మీద ఉన్నాయి. నా వేళ్లు మా ఆయన చొక్కా పట్టుకున్నాయని తర్వాత చూసుకున్నాను. గొంతు పైకి లేచింది. దిగింది.

"ఏదైనా మాట్లాడండమ్మా. గొంతులో తడి గరగర ఉందేమో వినాలి."

అక్క నాలుకతో పెదాలు తడుముకుంది. అందరి వంకా చూసింది.

"పుచ్చకాయ," అంది. గొంతు పొడిగానే ఉంది, గరగర లేదు. తర్వాత నా వైపు తిరిగింది. "ఇంకాస్త పండిందాన్ని తేవాల్సింది."

అలాగని అంతా బాగైపోలేదు. ఒక్కో గిన్నె తినేసరికి పూట గడిచిపోయేది. కొన్ని రోజులు విసిరికొట్టింది. ఒకసారి గిన్నె గోడకు తగిలి, ఆ ఎర్రటి మరక సున్నం వేసే దాకా పోలేదు. అయినా లెక్కకు సరిపడా నీళ్లు లోపలికి వెళ్లాయి. నాలుక తడి పట్టింది. డాక్టరు గొట్టం మాటను పక్కన పెట్టాడు.

కొబ్బరిపాలతో అదే పాళ్లు కాస్త సడలించి చేస్తే క్యాంటీను పుడ్డింగు కూడా కుదిరింది. మేనేజరు ఫోను చూసుకుంటూనే తిన్నాడు. "బానే ఉంది. రేపటి నుంచి పంపించండి," అన్నాడు. ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ వెనక్కి పంపలేదు. రోజూ ఖాళీ గిన్నెలు తిరిగొచ్చేవి. కడుక్కునేదాన్ని.

ఒక పొద్దున కొత్త గిన్నె పట్టుకుని అలవాటుగా అక్క కుర్చీ దగ్గరికి వెళ్లి ఊపాను. ఆమె కొట్టులోకి, వచ్చేపోయేవాళ్ల వైపు చూస్తోంది. తల తిప్పలేదు.

"నువ్వు తిన్నావా?"

"తిన్నాను."

"బావుందా?"

"బావుంది."

"మరి నన్నెందుకు అడుగుతావు?"

కోపంగా అనలేదు. మామూలుగా, వాన పడుతుందా అన్నంత మామూలుగా అంది. నేను గిన్నె పట్టుకుని వంటగదిలోకి వెళ్లిపోయాను. ఆ తర్వాత అక్క కుర్చీ మెల్లగా గుమ్మంలోంచి ముందుగదిలోకి, డబ్బులు తీసుకునే బల్ల పక్కకి జరిగింది. వంటగది వైపు రాలేదు. నేను రమ్మనలేదు.

ఎండలు తగ్గుముఖం పట్టాక మళ్లీ పరీక్షకు పిలిచారు. ఎక్స్‌రే ముందు కూర్చోబెట్టి రకరకాలుగా మింగించి, గొంతులో ఎటు పోతోందో తెర మీద చూస్తారు. గుటకల టీచరు నన్ను కూడా లోపలికి రానిచ్చింది. పల్చటిది నల్లటి దారంలా పక్కకు జారడం నేనే చూశాను. వేసవి మొదట్లో ఎలా ఉందో అలాగే ఉందంది. ముందుముందు తగ్గొచ్చు, తగ్గకపోనూవచ్చు. అక్క చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, "వస్తాం టీచరమ్మా," అంది.

బస్సులో కిటికీ పక్క సీటు అక్కకిచ్చి నేను ఇటు కూర్చున్నాను. ఓదార్చాలి అనుకున్నాను. మాటలు వెతుక్కుంటున్నాను. గాలి చల్లగా తగిలింది. అంతవరకే గుర్తు.

మెలకువ వచ్చేసరికి నా తల అక్క భుజం మీద ఉంది. ఆమె జాకెట్టు చేతి మీద నా చొంగ మరక. బస్సు ఆగి ఉంది. మేం తప్ప ఎవరూ లేరు. బయట డ్రైవరూ కండక్టరూ టీ తాగుతున్నారు. మా స్టాపు ఎప్పుడో దాటి చిట్టచివరికి వచ్చేశాం.

"లేపలేదేం?"

"నిద్రపోతున్నావుగా."

"ఇప్పుడు మళ్లీ అంత దూరం వెనక్కి వెళ్లాలి."

"వెళ్దాంలే. అదే బస్సు." నా తలను చేత్తో మళ్లీ తన భుజానికి ఆనించుకుంది. బలం తక్కువైన చెయ్యి, బరువుగా పడింది. "రేపు దానిమ్మ చెయ్యవే."

"దానిమ్మ వగరక్కా. కట్టకపోవచ్చు."

"కట్టకపోతే మీ ఇద్దరూ తాగెయ్యండి," అంది అక్క. "నేను చూస్తా."

నేను నవ్వాను. ఆమె భుజం కూడా నా చెంప కింద కదిలింది. డ్రైవరు గ్లాసు పెట్టేసి వచ్చి బస్సు స్టార్టు చేశాడు.